దారిలో చెప్పే మాట

షెడ్డులో జాకీల మీద ఎత్తిన డీజిల్ పికప్ కింద పడుకుని మేస్త్రి టార్చి వేసి చూస్తున్నాడు. పక్కనే చతికిలబడినవాడు బండి యజమాని, మేస్త్రికి అక్క మొగుడు. లాభం లెక్కకట్టనిదే ఏ సరుకూ ముట్టని వర్తకుడు.

“బావా, ఉన్న గేరుబాక్సు వెనక ఇంకో చిన్న గేరుబాక్సు పట్టాలంటే ఈ షాఫ్టు కోసి పొట్టి చెయ్యాలి. కోశాక మళ్లీ పొడుగవదు.”

“కొయ్యి.”

“రేపు అమ్మబోతే బండి సగం ధర పలకదు.”

“అమ్మను.”

“మిగిలే డీజిలుతో ఖర్చు తిరిగొచ్చేలోపు బండే అరిగిపోతుంది. ఈ లెక్క నువ్వు నాకు చెప్పాలి! గుండుసూది కొనాలన్నా నాలుగు కొట్లు తిరిగేవాడివి.”

“ఇంజను చప్పుడు తగ్గుతుందా, అది చెప్పు.”

“తగ్గుతుంది. అదే వేగానికి ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది. ఇన్నేళ్లూ ఆ చప్పుడుతోనే తిరిగావుగా, ఇప్పుడేమొచ్చింది?”

“మీ అక్క గొంతు బాగా సన్నబడిపోయిందిరా. ఇంట్లో పిల్లల ముందు పెదవి విప్పదు. ఆస్పత్రికి బయల్దేరి ఊరు దాటాకే మొదలుపెడుతుంది. నేనేమో ఊరికే తలూపుతుంటాను.”

మేస్త్రి బండి కింద నుంచి బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

“పక్కకి ఆపి వినొచ్చుగా బావా?”

“ఆపితే మానేస్తుంది.”

“ఏం చెబుతుంది?”

“అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను?”

మేస్త్రి మళ్లీ బండి కిందికి దూరి, షాఫ్టు విప్పడానికి పానా కోసం చెయ్యి చాచాడు. వర్తకుడు అందించాడు.