క్రాన్ గారు ఆపిన చోటు

నేనేం అమ్ముకోలేదక్కా. ఎన్నిసార్లు చెప్పాలి? జడేస్తూ అమ్మ తీసిన కూనిరాగాన్ని ఎవరు కొంటారసలు? సినిమా లింకు నీకు పంపింది నేనే కదా, దొంగతనమైతే పంపుతానా?

మధ్యలో ఆపేసి పాడుచేశాడా? లేదక్కా, అమ్మ అలాగే పాడేది. నువ్వు మర్చిపోయుంటావ్.

తిట్టు, వింటున్నా. బస్‌స్టాప్‌లో నిలబడ్డా. ఈ స్కార్‌బరోలో బస్సు ఎప్పుడొస్తుందో బస్సుకే తెలీదు.

ఆయనెవరా? నేను వాళ్ళింటి బేస్‌మెంట్లో ఉంటూ వంట చేసిపెట్టానే, ఆ జర్మనీ ముసలాయన, వెర్నర్ క్రాన్ గారు. కూతురు ఇక్కడుందని వచ్చేశాడు. చదువుకోడానికి ఇంత దూరం వస్తే కాలేజీ వాళ్ళు మాకు సీట్లిచ్చారుగానీ గదులెవరిచ్చారు? ఒక్క గదిలో ఆరుగురం పడుకునేవాళ్ళం. ఆయన పుణ్యమా అని నాకో కిటికీ దొరికింది.

మూడొందల సినిమాలకి సంగీతం చేశాడాయన. నమ్మవా? కుర్రతనంలో హాంబర్గ్‌లో ఏదో బార్లో అకార్డియన్ వాయించేవాడట. ఒక నిర్మాతకి మ్యూజిక్ డైరెక్టర్ హ్యాండిస్తే ఈయన వారంలో చేసిచ్చాడు. ఇక అంతే. పోలీసు సినిమాలు, కొండల మీద ప్రేమలు, దయ్యాలు, సబ్బుల ప్రకటనలు, ఏదొచ్చినా కాదనలేదు. సినిమా చూసేవాడు కూడా కాదు. డైరెక్టర్ ఫోన్లో సీను చెబుతుంటే ఈయన అడిగేది ఒక్కటే, ఎంతసేపు అని. అంతసేపూ ఖాళీ లేకుండా నింపి పంపేవాడు. ఇక్కడికొచ్చాకా మానలేదు.

ఓసారి టీవీ చూస్తూ, ఎవడు చేశాడిది, చెవులు పోతున్నాయి అన్నాడు. చివర్లో ఆయన పేరే పడింది. నాకు నవ్వాగలేదు, ఆయనా నవ్వాడు.

ఇన్ని ట్యూన్లు ఎక్కడివండీ అంటే, చెవిన పడ్డవన్నీ అనేవాడు. లిఫ్టు గంట, పాలబండి, పక్కింటావిడ దగ్గు. మొహమాటమే లేదు మనిషికి.

అమ్మ పోయిన రోజా? ఇప్పుడెందుకది? సరే, విను.

కరోనాకి ఫ్లైట్లు ఆపేశారుగా. పంచదార డబ్బాకి ఫోన్ ఆనించి చూశాను, నువ్వు పడిపోతుంటే బావ పట్టుకోవడం, అన్నీ. తర్వాత ఆయనకి సూపు వేడి చేసిచ్చాను. మా అమ్మ పోయిందని చెప్పాను. ఆయన స్పూను పక్కన పెట్టాడు. చావు సీన్లు బోలెడు చేశాను, చెల్లో వాయిద్యం పెడతాను, ఇంకేం చెయ్యాలో నాకూ తెలీదు అన్నాడు. నాకు మాత్రం ఏం తెలుసు? వెళ్ళి గిన్నెలు కడుక్కున్నా. కడుగుతుంటే అమ్మ కూనిరాగం నోట్లోకి వచ్చింది.

వాకర్ పట్టుకుని వంటగదిలోకి వచ్చేశాడు. "అక్కడెందుకు ఆపావ్?" అన్నాడు. ఏమో, మా అమ్మ అక్కడ ఆపేది అన్నాను. మళ్ళీ పాడమన్నాడు. మళ్ళీ అక్కడే ఆగాను. "నన్నెవరూ ఎప్పుడూ ఆగనివ్వలేదు" అన్నాడు. అంతే, ఇంకేం అడగలేదు. నేనూ మర్చిపోయా.

తర్వాత జర్మన్ వాళ్ళ క్లబ్బులో ఆయన చేసిన సినిమా వేస్తే నన్నూ తీసుకెళ్ళాడు. నువ్వూ చూశావుగా, మంచులో కుక్క చచ్చిపోయే సీను. వయొలిన్లు అమ్మ రాగమే ఎత్తుకున్నాయి. ఎత్తుకుని, సరిగ్గా అక్కడ ఆగాయి. హాలంతా ఏడుపక్కా. అంతంత ముసలాళ్ళు, భుజాలు కదిలేలా. ఈయన మాత్రం నిద్రపోయాడు. పక్కావిడ నా చేతిలో టిష్యూ పెట్టింది. మడత విప్పకుండానే తిరిగిచ్చేశాను.

నాకేం అనిపించలేదు. అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అంతే. బాధ లేదని కాదక్కా, ఎక్కడుందో దొరకట్లేదు.

అమ్మ పేరు వెయ్యమని ఎవర్నడగను? క్రాన్ గారూ పోయారు మొన్న చలికాలంలో.

అవన్నీ వదిలెయ్. నాకొక్క పని చేసిపెట్టు. ఆ రాగం తలుచుకుంటే వయొలిన్లే వస్తున్నాయి, అమ్మ గొంతు రావట్లేదు. నాకదే భయంగా ఉంది. నువ్వోసారి పాడు. సిగ్గేముంది, నేనేగా.

ఊఁ. అదే. అదేనక్కా.

ఆగు, ఆపలేదేం? అక్కడ ఆపాలి.

నీకెప్పుడూ ఆపలేదా? ఒక్కసారి కూడా?

అవున్లే. నీ జుట్టు పట్టులా ఉండేది, దువ్వెన జారిపోయేది. నాదేగా రింగులజుట్టు. దువ్వెన ఇరుక్కుంటే నాకు నొప్పి పుట్టకుండా వేళ్ళతో విడదీసేది. అది విడిందాకా పాట ఆపేది. నేనేమో పాటే అంత అనుకున్నా, ఇన్నేళ్ళూ.

అయితే వాళ్ళంతా ఏడ్చింది నా చిక్కు దగ్గరన్నమాట.

లేదక్కా, ఏడవట్లేదు. రావట్లేదు, ఏం చెయ్యను? టోపీ తీసి తల తడుముకుంటున్నా, అంతే. దువ్వుకోక చాన్నాళ్ళయింది.

బస్సొచ్చింది. ఉంటా.