చలిగదిలో దోసెపిండి

సభాధ్యక్షురాలు హైమావతి గారికి, ముందు వరుసలో ఓపిగ్గా కూర్చున్న పెద్దలకు, మాగ్డెబర్గ్ నుంచి రెండు రైళ్ళు మారి వచ్చిన విద్యార్థులకు, వంటగది తలుపు దగ్గర గరిటెతో నిలబడి నేనేం మాట్లాడతానా అని చూస్తున్న మా ఆవిడ మీనాక్షికి నమస్కారాలు. నాకు ఐదు నిమిషాలన్నారు. రిటైరైన నన్ను పొగడడానికే ముగ్గురు కలిసి గంటా పది నిమిషాలు తీసుకున్నారు కాబట్టి నేనూ కాస్త ఎక్కువ తీసుకుంటాను. (నవ్వులు) శ్రీహర్షా, ఆ శాలువా ఇప్పుడే కప్పకు నాయనా, కుర్చీ మీద పెట్టు. నా మాటలయ్యాక కప్పాలో వద్దో మీరే చూసుకుందురుగాని.

నిజం చెప్పాలంటే బాగా అలసిపోయాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ హానోవర్లో ఒకే ప్రయోగశాలలో, ఒకే బల్ల ముందు, ధ్రువాల నుంచి ఓడల్లో వచ్చిన మంచును కరిగించి అందులో ఏముందో కొలిచాను. ఇందాక విక్రాంత్ నన్ను 'అంటార్కిటికా విశ్వనాథం గారు' అన్నాడు. బాబూ, నేను ఆ గడ్డ మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. వెళ్ళేవాళ్ళు వెళ్ళేవారు, గుంట తవ్వేవారు, రెండేసి సెంటీమీటర్లకొక సీసా చొప్పున మంచు నింపి పంపేవారు. నేను ఇక్కడ స్వెట్టర్ వేసుకుని కూర్చుని కొలిచేవాణ్ణి.

తెల్లగా ఉంటుంది కాబట్టి మంచంతా ఒకటే అనుకుంటాం. కాదండీ. అక్కడ నెలల తరబడి సూర్యుడు రాని చలికాలంలో సముద్రం మీది తుఫానులు ఉప్పును మోసుకొచ్చి మంచులో పడేస్తాయి. ఎండాకాలం వస్తే సూర్యుడు అస్తమించడమే మానేస్తాడు. అప్పుడు పుండు కడగడానికి వాడే పెరాక్సైడ్ ఉంది చూశారూ, అది గాలిలో తయారై మంచులో చేరుతుంది. సముద్రంలో నాచు పెరిగి గంధకం వాసన మంచుదాకా వస్తుంది. వెనిగర్‌లో ఉండే పులుపు కూడా మా గుంటల్లో ఎండాకాలం పొరల్లోనే కనిపించేది. ఏ సీసాలో ఏది ఎక్కువుందో చూస్తే అది ఏ కాలంలో పడ్డ మంచో చెప్పేయొచ్చు. ఇదే నా ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళలో చేసింది ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. మూడో వరుసలో చివర పచ్చ కండువా వేసుకుని కూర్చున్న అమ్మాయి పూజిత. మీలో సగంమందికి తెలుసు. అమ్మా, లేవొద్దులే, కూర్చో. ఆరేళ్ళ కింద సిద్దిపేట నుంచి వచ్చి మా దగ్గర మాస్టర్స్ థీసిస్ చేసింది. నేను చూసిన విద్యార్థుల్లో అంత శుభ్రంగా పనిచేసినవాళ్ళు మరొకరు లేరు. థీసిస్ అయ్యాక పీహెచ్‌డీ సీటు ఆమెకే అని మా ప్రొఫెసర్ మాటిచ్చాడు. ఆ సీటుతోపాటు అంటార్కిటికా ప్రయాణం కూడా ఉంది. ఆ పిల్ల అప్పుడే మంచు బూట్లకి పాదం కొలత కూడా ఇచ్చేసింది.

ఒక సోమవారం పరుగెత్తుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చింది. "అంకుల్, చలికాలం పొరల గూడ పులుపు కనబడుతుంది! గింత ఎక్కువ! ఇది ఎవ్వరూ రాయలే, నేనే ఫస్టు!" పదకొండు సీసాల్లో, ఉండకూడని చోట ఉంది పులుపు. ప్రొఫెసర్ కాగితాలు చూసి పెదవి విరిచాడు. ఇది మంచులోది కాదు, బయటి నుంచి చేరింది, అమ్మాయి చేతి శుభ్రత సరిపోలేదు అన్నాడు. "గ్లవుజులు మూడుసార్లు మార్చిన అంకుల్, ఎట్లయితది?" అని నన్నడిగింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. థీసిస్‌కి తక్కువ మార్కు పడింది. సీటు ఇంకొకరికి వెళ్ళింది, ప్రయాణమూ వాళ్ళకే. పూజిత ఇప్పుడు వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తోంది. మంచి ఉద్యోగమే, చులకన చేయడం లేదు. కానీ ఆమె కోరుకున్నది అది కాదు.

ఆ సోమవారానికి ముందు శనివారం మన ఉగాది. గుర్తుందా? రెండు వందల మందికి దోసెలు. (నవ్వులు) నవ్వకండి, కాస్త ఆగండి. పిండి మా ఇంట్లో రుబ్బాం, నాలుగు బకెట్లు. అంతకు ముందు ఏడాది బాల్కనీలో పెడితే గడ్డకట్టి, పెనం మీద దోసెలన్నీ చిరిగిపోయాయి. వెంకటరామారావు గారు ఏడాది పొడుగునా నన్ను దెప్పారు. ఈసారి ఇంట్లో ఉంచితే శుక్రవారం మధ్యాహ్నానికే పొంగి మూతలు లేస్తున్నాయి. రేపటికి పుల్లబడి నోట పెట్టుకోలేం అని మీనాక్షి గోల. నాకు మా ప్రయోగశాల చలిగది గుర్తొచ్చింది. నాలుగు డిగ్రీలు, ఎప్పుడూ తాళం, తాళంచెవి నా జేబులో. సాయంత్రం కారులో నాలుగు బకెట్లూ తీసుకెళ్ళి లోపల పెట్టి, శనివారం పొద్దున్నే తెచ్చేశాను. అదే గదిలో, అదే అరల మీద, పూజిత పదకొండు సీసాలు మూతలు వదులు చేసి కరగడానికి పెట్టుకుంది. చూశాను. బకెట్లకి మూతలున్నాయి కదా అనుకున్నాను. పులిసిన పిండి గాలి ఆగుతుందా అండీ! మంచునీళ్ళు ఆ పులుపునంతా పీల్చేశాయి.



ఆ దోసెలు మీరంతా తిన్నారు. మెత్తగా దూదిలా ఉన్నాయని మెచ్చుకున్నారు. పెనం దగ్గర నాలుగు గంటలు నిలబడి వాటిని పోసింది ఎవరో తెలుసా? పూజితే.

చలిగదిలో తినేవస్తువు పెడితే ఉద్యోగం ఊడుతుంది. నాకప్పటికి అరవై. సోమవారం చెబుదామనుకున్నాను. బుధవారం చెబుదామనుకున్నాను. మార్కు పడకముందే చెప్పాలనుకున్నాను. పడ్డాక ఇంక చెప్పి ఏం లాభం అనుకున్నాను. పిరికితనం అంతే, దానికి ఇంకో పేరు పెట్టను. ఆరేళ్ళుగా ఉగాదికి ఏదో వంక పెట్టి రావడం మానేశాను, వెన్నునొప్పి అని చెప్పింది అబద్ధం.

ప్రతి పొర నుంచీ రెండో సీసా ఒకటి కరిగించకుండా దాచిపెడతాం, గట్టి కారణం లేకుండా ముట్టం. ఈ వేసవిలో, రిటైరై వెళ్ళిపోయేముందు, ఆ పదకొండూ తీసి నేనే కొలిచాను. పులుపు లేదు. మిగతా వంద పైచిలుకు సీసాల్లో కూడా కొన్ని మళ్ళీ చూశాను. వాటికి పూజిత రాసిన అంకెలు ఒక్కటీ తప్పలేదు. ప్రొఫెసర్ గారి దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుని మొత్తం చెప్పాను. సీటు వెనక్కి తేలేను, పొరపాటు ఎవరిదో రాసి థీసిస్‌కి జతచేస్తాను అన్నాడు. ఆయన సంతకం చేసిన ఆ ఉత్తరం ఇదిగో, నా జేబులో ఉంది. మీనాక్షికి నిన్ననే చెప్పాను. అప్పటినుంచీ నాతో మాట్లాడలేదు. ఇవాళ దోసెలు మానేసి పులిహోర చేసింది. (ఎవరూ నవ్వలేదు)

పూజితా, ఏమన్నావమ్మా? వెనకవాళ్ళకి వినపడలేదు, మైకు నా దగ్గరుంది, నేనే చెప్తాను. "ఆరేండ్ల సంది నా చేతుల మీద నాకే నమ్మకం లేకుండ చేసిన్రు అంకుల్. ఆ దినమే నా ఒక్కదానికి చెప్తే ఆ పదకొండు పక్కన వెట్టి రెండోవి కొలుస్తుంటి, అయిపోతుండె. నేను ఎవ్వరికీ చెప్పకపోతుంటి." ఇదీ ఆమె అన్నది.

నిజమమ్మా. నా ఉద్యోగమూ పోయేది కాదు, నీ నమ్మకమూ పోయేది కాదు. అంత చిన్నమాట నాకు తట్టలేదు.

హైమావతి గారూ, శాలువా అలాగే మడతపెట్టి ఉంచండి. ఇన్నేళ్ళు నన్ను మీలో ఒకడిగా చూసుకున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇక మైకులో చెప్పేది ఏమీ లేదు. ఉత్తరం పట్టుకుని మెట్లు దిగి మూడో వరుసకి వస్తున్నాను. వద్దంటే అక్కడే ఆగిపోతాను, పూజితా.

సెలవు.