గడియ ఉన్న గడియారం

వడ్రంగి పోయి ఏడాదైంది. ఇంట్లో సామానంతా వరండాలో పరిచి అమ్మకానికి పెట్టింది కూతురు. తల్లిని తనతో తీసుకుపోవాలి. ఈమధ్య ఆవిడ పొయ్యి వెలిగించి ఆ సంగతే మరిచిపోతోంది.

గోడగడియారం దగ్గర కూతురు ఆగింది. దాని చెక్కతలుపుకి బయటివైపు చిన్న ఇనుప గడియ ఉంది.

"అమ్మా, గడియారానికి గడియ ఎందుకు?"

పెద్దావిడ చెప్పబోయింది. తెలిసిన సంగతే. నాలుక చివరిదాకా వచ్చి ఎటో పోయింది. ఇదీ పోతే ఇక ఆయనది తన దగ్గర ఏం మిగిలినట్టు?

"నన్నడగండమ్మా," అంటూ పాతసామాన్లాయన మెట్టుమీద చతికిలబడ్డాడు. ఆయన చేతిలో పడితే చిల్లుచెంచా కూడా రాజవంశానిదైపోతుంది.

"ఇలాంటిదే ఒకటి నేను బాగుచేశాను. మామూలు పనే, ముల్లు వంకరపోయింది, అంతే. కాకపోతే అది కోటలో రాజుగారిది, అందులోంచి కాలం కారిపోతూ ఉంటే ఆయన గడియ వేయించాడట, నేను దాన్ని గోరంత తీశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాకిట్లో గడ్డి మోకాలెత్తు లేచింది!"

"కోసి తేకపోయావా, మా మేకకి పనికొచ్చేది," అన్నాడు బేరానికొచ్చిన దర్జీ.

"నవ్వులాట కాదు బావా. కాపలావాడికి మీసం మొలిచింది, నెరిసింది, రాలింది. రాణిగారు చంకలో బిడ్డను దించేలోపు ఆ బిడ్డే తాతయ్యాడు. పొద్దు గుమ్మం దాటి పారిపోతోంది. నేనేం చేశాను? కుడిచేత్తో మధ్యాహ్నాన్ని తోకపట్టి లోపలికి లాగాను, ఎడంచేత్తో గడియ పెట్టాను. లోకంలో ఇంకా మధ్యాహ్నాలున్నాయంటే అందుకే. ఇది ఆ రాజుగారి రెండో గడియారం."

ఎంత దిగులుగా చెప్పాడంటే ఎవరికీ నవ్వు రాలేదు. ఖాళీకన్నా ఇదే నయం, ఇదే నమ్మేద్దామా అనుకుంది పెద్దావిడ. కానీ 'గడియ పెట్టాను' అన్న మాట చెవిలో పడి కదలనంది. గడియ... గడియ ఏదీ?

"రాజు కాదు నాయనా, వడ్రంగి," అంది మెల్లగా. "ఆయన రాకుమారి ఇదిగో, నీ ఎదురుగానే ఉంది. నాలుగేళ్లప్పుడు, గడియారం అన్నావుగా, మరి గడియ ఏదీ అని నేలమీద పడి దొర్లింది. అన్నం ముట్టలేదు. చివరికి వాళ్ల నాన్న కోళ్లగూటి గడియ ఊడదీసి దీనికి బిగించాడు. ఆ రాత్రి కోళ్లన్నీ వీధిలోనే. అప్పట్నుంచి రోజూ పీట ఎక్కి ఇదే గడియ వేసేది."

"కోళ్లగూటిదా?" అన్నాడు పాతసామాన్లాయన.

"మరి ఆ మధ్యాహ్నాన్ని ఎక్కడ పెట్టావు బావా?" అన్నాడు దర్జీ.

పాతసామాన్లాయన లేచి, గడియారాన్ని రెండు చేతులా ఎత్తి, లోపల దాని మేకుకే తగిలించి వచ్చాడు. కూతురు వద్దనలేదు.

అందరూ వెళ్లాక తల్లి అలవాటుగా, "గడియ పెట్టమ్మా," అంది.

"దేనికమ్మా? తలుపుకా, గడియారానికా?"

"ముందు గడియారానికి," అంది తల్లి. "కారిపోతుంది."