తాళాల బావగారి భోజనం

అన్నం వద్దా? రొట్టే వద్దా? మరేం తింటావే, గాలి పీల్చి బతుకుతావా? ఏంటీ, పేలియోనా. ఓహో. ఆ మాట విని చాలా ఏళ్ళయింది అమ్మలూ, మళ్ళీ నీ నోటంట వింటున్నా. అలా నవ్వకు, నాకు తెలీదనుకుంటున్నావేమో, నాకు బాగా తెలుసు. మేం ఆ పాతింట్లో మూడో అంతస్తులో ఉండేవాళ్ళం, నువ్వప్పటికి పుట్టలేదులే, మా గుమ్మానికి ఎదురు గుమ్మంవాళ్ళు ఇంటిల్లిపాదీ కట్టగట్టుకుని ఆ తిండే తిన్నారు. ఆ ఇంటావిణ్ణి ఎదురింటక్క అనేదాన్ని. ఆవిడా పోయింది, ఆవిడకంటే ముందు ఆవిడ బావగారు, అంటే మొగుడి అన్న, పోయాడు. ఆ బావగారి సంగతి చెప్తా విను. అటు కాదు, ఇటు కూర్చో, ఆ చెవి నాకు వినపడదు.

ఆయనది తాళాల పని. రైలు స్టేషన్ ఎదురు సందులో కొట్టు. కొట్టంటే ఎంతనుకున్నావు, మనిషి పక్కకి తిరిగితే గానీ లోపలికి పట్టడు. గోడనిండా మేకులకి తాళంచెవులు వేలాడేవి, ఒక అరగదీసే మిషను, వెనకాల ఒక గది. పెళ్ళాం పోయాక ఆ గదిలోనే ఒక్కడూ ఉండేవాడు. మహా అభిమానస్తుడు. తమ్ముడి ఇంటికైనా ఊరికే రాడు, ఏదో పనిమీద వచ్చినట్టే వస్తాడు. పొద్దుగూకే వేళకి చేతిలో నూనె బుడ్డి పట్టుకుని మెట్లెక్కేవాడు. 'తలుపు తాళం బిగుసుకుందేమో చూద్దామని వచ్చానమ్మా' అనేవాడు. రెండు చుక్కలు వేసి, ఇటు తిప్పి అటు తిప్పి, డాక్టరు గుండె విన్నట్టు చెవి ఆనించి వినేవాడు. లోకంలో ఏ తాళానికీ అంత వైభోగం జరిగి ఉండదు. అయ్యాక 'వస్తానమ్మా' అని ఒక మెట్టు దిగేవాడు. ఒకటే మెట్టు. అప్పుడు అక్క గరిటె పుచ్చుకుని గుమ్మంలోకి వచ్చి, 'ఉండండి బావగారూ, ఇవాళ కొలత తప్పి ఎక్కువ వండేశా, మిగిలితే పారబొయ్యాలి' అనేది. 'అయ్యో, పారబొయ్యడమెందుకమ్మా' అని ఆయన ఆ మెట్టు మళ్ళీ ఎక్కి చెయ్యి కడుక్కునేవాడు. అలా ఏళ్ళ తరబడి. అంత వంట తెలిసిన మనిషికి రోజూ కొలత తప్పడమేంటని నేను ఆటపట్టిస్తే, 'నీకెందుకే, నీ పని చూసుకో' అనేది.

మధ్యలో ఒకసారి ఏమైందంటే, ఆవిడ మొగుడున్నాడే, లిఫ్టుల ఇన్‌స్పెక్టరు, ఊళ్ళో మేడలన్నీ తిరిగి లిఫ్టులు చూసేవాడు, మనిషి మంచివాడు గానీ మనసులో ఏదుంటే అది పైకి అనేస్తాడు, ఆయనోసారి పెందరాళే ఇంటికొచ్చి, 'ఎందుకన్నయ్యా ఈ తాళం నాటకం, ఆకలేస్తే తిన్నగా వచ్చి తినరాదూ' అనేశాడు. ప్రేమగానే అన్నాడు. తాళాలాయన నవ్వాడు, తిన్నాడు, వెళ్ళాడు. ఇంక రాలేదు. వానలు మొదలై, ఆ వానలు వెలిసే దాకా రాలేదు. మళ్ళీ వచ్చిన రోజు అక్క ఏడ్చినంత పని చేసింది. ఆ తర్వాత ఆయన తిన్నాడా లేదా అన్నది మొగుడి దగ్గర ఎత్తేదే కాదు. ఆ మాట ఎవరైనా పైకి అంటే ఈ మనిషి ఇంక పస్తులే ఉంటాడని ఆవిడ భయం. అది మనసులో పెట్టుకో, నేను చెప్పేదంతా ఆ భయం చుట్టూనే.

ఇన్‌స్పెక్టరుది భారీ మనిషి. ఆరుగురెక్కే లిఫ్టు ఆయనెక్కితే నలుగురికే అని పనివాళ్ళు మేలమాడేవాళ్ళు. ఒకరోజు కాలి బొటనవేలికి ఏదో గీసుకుంది. చిన్న గీత. మానదు. రోజులు గడుస్తున్నాయి, మానదు. వేలు రంగు మారింది. డాక్టరు చూసి, ఒంట్లో చక్కెర అంతుంటే పుండు ఎలా మానుతుంది, తిండి మార్చకపోతే వేలు తియ్యాల్సొస్తుంది, ఆ పైన ఎక్కడిదాకా తియ్యాలో చెప్పలేను అన్నాడట. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. కాలేజీలో చదివే కూతురు ఎక్కడో చదువుకుని వచ్చింది. పూర్వం గుహల్లో ఉన్న మనుషులు తిన్నట్టు తినాలి, దానిపేరు పేలియో, అన్నం లేదు, రొట్టె లేదు, పప్పులు లేవు, పాలు లేవు, చక్కెర అసలే లేదు, చేప, మాంసం, గుడ్లు, ఆకులు, కాయలు, బాదం లాంటి గింజలు, అంతే. డాక్టర్ని అడిగితే, చెయ్యండి, మాత్రలు నేను చూసి తగ్గిస్తాను, మధ్యమధ్య చూపించుకోండి అన్నాడు. నాన్న ముందు మనం రొట్టె తింటే నాన్న నోరు ఆగుతుందా, అందరం మానేద్దాం అంది ఆ పిల్ల. అందరూ ఒట్టేసుకున్నారు. బియ్యం బస్తా, పిండి డబ్బా, ఆఖరికి బిస్కెట్లు కూడా మా ఇంటికొచ్చేశాయి. అక్క వాటిని ఎత్తుకొచ్చి గుమ్మంలో దించుతూ, 'అదేంటే చెల్లీ, పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టుంది' అంది.

మొదటివారం ఆ ఇంట్లో ఎవరితో మాట్లాడాలన్నా భయమే. అందరికీ తలనొప్పులు, చిరాకులు. ఇన్‌స్పెక్టరు ఆఖరికి కుర్చీ మీద కూడా అరిచేవాడు. వాళ్ళ చిన్నాడు, ఆ పిల్ల తమ్ముడు, గింజల డబ్బా పక్కలో పెట్టుకుని పడుకునేవాడు. మెట్లనిండా చేపల వాసన. వాళ్ళింట్లో అన్నం తినే వేళ అంటూ లేకుండా పోయింది, అన్నమే లేదు కదా. వంటకి ముందు కూరలు తరగడమే సగం రోజు పట్టేది అక్కకి. కానీ అబద్ధం ఎందుకు చెప్పాలి, పుండు చుట్టూ చర్మం కొంచెం కొంచెం మామూలు రంగుకి వచ్చింది. అక్క రోజూ దీపం దగ్గరికి ఆ కాలు లాక్కుని చూసేది.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందో చెప్పనా? అన్నానికి సాగే గుణం ఉంది. ఇంకో గుప్పెడు బియ్యం, కూరలో ఇంకో గ్లాసు నీళ్ళు, ఇంకో మనిషి తినేస్తాడు, ఎవరికీ తెలీదు. ముక్క సాగదు కదే. ఆ పిల్ల లెక్కేంటంటే ఎవరి అరచేయి అంత ముక్క వాళ్ళది. నాలుగు అరచేతులు, నాలుగు ముక్కలు. కొనడం కూతురూ తండ్రీ కొనేవాళ్ళు. ఐదో ముక్క తెమ్మంటే ఎవరికని అడుగుతారు, బావగారికి అని చెప్తే ఇన్‌స్పెక్టరు తిన్నగా వెళ్ళి, 'అన్నయ్యా, నీకూ ఒకటి తెస్తున్నాం' అని అనేస్తాడు. అక్కడితో సరి. అక్క నాతో అంది, 'అంత పుస్తకం చదివింది గదే మా పిల్ల, గుహలో వాళ్ళింటికి బావగారొస్తే ఏం పెట్టేవాళ్ళో అందులో రాశారేమో అడగనా' అని. నవ్వుతూనే అంది గానీ చేతులు నలుపుకుంటోంది.

ఆ సాయంత్రం ఆయన వచ్చాడు. నూనె వేశాడు, విన్నాడు, మెట్టు దిగాడు. అక్క అలవాటు కొద్దీ 'ఉండండి బావగారూ, ఇవాళ కొలత తప్పి' అంది, అక్కడ మాట ఆగిపోయింది. మూకుడులో నాలుగు ముక్కలు కనపడుతున్నాయి, ఎవరికైనా లెక్క తెలుస్తుంది. ఆయన ఆ మెట్టు మీదే నిలబడ్డాడు. 'తప్పి ఎక్కువే వండా' అని ఎలాగో పూర్తిచేసి, తన ముక్క తీసి ఆయన పళ్ళెంలో వేసింది. ఇన్‌స్పెక్టరు ఎలాగూ పొద్దుపోయి వస్తాడు, పిల్లలు ఎవరి వేళకి వాళ్ళు తింటారు, చూసేవాళ్ళు లేరు. తను వంటింట్లో నిలబడి దోసకాయలు, ఆకులు నమిలింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. గుడ్లు కూడా పిల్ల లెక్కపెట్టి పెట్టేది, నాన్న చాటుగా తినేస్తాడేమోనని.

రెండు నెలలు తిరిగేసరికి అక్క జాకెట్లన్నీ వదులైపోయాయి. ఇంట్లోవాళ్ళు ఏమనాలి? సంబరపడిపోయారు. 'అమ్మకే బాగా పట్టింది' అంటుంది కూతురు. 'మీ అమ్మని చూసి నేర్చుకోండర్రా' అంటాడు మొగుడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మెట్లమీద ఆపి, ఏం తింటున్నావు మాకూ చెప్పు అని అడిగేవాళ్ళు. నవ్వేది పిచ్చిది. ఒకనాడు నీళ్ళ బిందె ఎత్తుతూ గోడ పట్టుకుని కూలబడితే నేనే లేవదీశా. 'ఎందుకక్కా ఈ చావు' అని తిట్టా. 'అరవకు, బావగారికి వినపడితే రారు' అంది. అదీ ఆవిడ గోల.

అంతా బయటపడింది మాత్రం గడియారం వల్ల. ఆవిడ చేతి గడియారానికి తోలు పట్టీ ఉండేది, అది జారిపోతోందని బావగారికిచ్చి, ఒక బెజ్జం వేసి పెట్టండి అంది. ఆయన వేసిచ్చాడు. కొన్నాళ్ళకి మళ్ళీ జారుతోంది, మళ్ళీ ఇచ్చింది. రెండో బెజ్జం వేసేటప్పుడు ఆయన ఆ పట్టీని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడట. పాత బెజ్జం, కొత్త బెజ్జం, వాటి మధ్య దూరం. గడియారం ఇచ్చేశాడు. ఆ సాయంత్రం నూనె వేసి, వస్తానమ్మా అన్నాడు, ఉండండి అంది, 'తినే వచ్చానమ్మా ఇవాళ' అన్నాడు. తినలేదని మొహం చూస్తే తెలుస్తోంది. ఆ తర్వాత రెండు రోజులకోసారి వచ్చాడు, తర్వాత వారానికోసారి, తర్వాత రానేలేదు.

అక్క బెంగ చూడాలి నువ్వు. మెట్లమీద అడుగు వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి వచ్చేది. పైఅంతస్తువాళ్ళు ఎక్కుతుంటే ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి పోయేది. చివరికి నన్ను పంపింది, 'పెట్టె తాళం పోయిందని చెప్పి వెళ్ళవే, ఎలా ఉన్నారో చూసి రా, నేను పంపానని అనకు' అని. వెళ్ళా. మిషను వెనక కూర్చుని బన్ను తింటున్నాడు, చల్లారిపోయిన టీలో ముంచుకుని. మనిషి సగమయ్యాడు. నన్ను చూడగానే బన్ను సొరుగులో దాచేశాడు. పెట్టె తాళం సంగతి అడగనే లేదు. 'మీ అక్క తింటోందా?' అన్నాడు. ఈవిడ ఆయన గురించి, ఆయన ఈవిడ గురించి, మధ్యలో నేనేం చెప్పను? తింటోందన్నా. 'సరిగ్గా చూశావా?' అన్నాడు.

అది విని అక్క రాత్రంతా ఏం ఆలోచించిందో, మర్నాడు మధ్యాహ్నం తన ముక్క డబ్బాలో పెట్టుకుని తనే ఆ కొట్టుకి వెళ్ళింది. ఎన్నడూ గడప తొక్కని మనిషి. 'బావగారూ, ఇంట్లో ఒక్కదానికీ తినబుద్ధి కావట్లేదు, ఇక్కడ కూర్చుని తిని వెళ్తా, మీకేమైనా అడ్డమా?' అంది. ఆయన స్టూలు తుడిచి వేశాడు. ఆవిడ ముక్క సగం విరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన సొరుగులోంచి బన్ను తీసి సగం విరిచి ఈవిడ ముందు పెట్టాడు. ఎన్నాళ్ళయిందో రొట్టె నోట్లో పెట్టి, నమలడం మర్చిపోయానే అంది నాతో. ఒట్టు తప్పానన్న భయం ఒకపక్క. అయినా రోజూ వెళ్ళింది. ఇద్దరికీ మొహాల్లో కాస్త కళ వచ్చింది.

అదే ముప్పయింది. ఒకరోజు సాయంత్రం కూతురు ఈవిడ కొంగు మీద రొట్టెపొడి చూసింది. ఆ రోజు ఇన్‌స్పెక్టరు ముందే ఇంటికొచ్చేశాడు. తలుపు తీసే ఉంది, నేను మా గుమ్మంలో బట్టలు మడతపెడుతున్నా, ప్రతి మాటా వినపడుతోంది. 'అమ్మా, నాన్న కాలు చూసి కూడా ఎలా తిన్నావమ్మా' అని ఆ పిల్ల ఏడుపు. ఆయనేమో, 'నాకోసం పసివాడు కూడా నోరు కట్టుకున్నాడు. నీకు ఆగలేదా? ఎవరు పెట్టారు? ఎన్నాళ్ళుగా ఈ దొంగతిండి?' అని గొంతు పెంచుతున్నాడు. అక్క నిజం చెప్పిందా, బావగారు బయటపడతాడు. చెప్పలేదా, తను దొంగ. ఆవిడ దొంగతనమే ఒప్పుకునేట్టుంది. నేను లేచి వెళ్దామా వద్దా అనుకుంటుంటే, మెట్లమీద బావగారు. ఆ మధ్యాహ్నం అక్క హడావిడిలో డబ్బా కొట్లోనే వదిలేసి వచ్చిందట, అది పట్టుకొచ్చాడు. అంతా విన్నాడు. ఇంకా లోపలివాళ్ళకి కనపడలేదు. నన్ను చూశాడు. ఒక కాలు పైమెట్టు మీద, ఒక కాలు కిందిమెట్టు మీద. దిగిపోతాడనుకున్నా. నేనే ఆయన స్థానంలో ఉంటే దిగిపోయేదాన్నేమో.

ఎక్కాడు. లోపలికి వెళ్ళి డబ్బా బల్లమీద పెట్టాడు. 'మరదల్నేమీ అనకురా. రొట్టె పెట్టింది నేను. నేను నీ ఇంటికి తాళం చూడ్డానికి రాలేదురా ఇన్నేళ్ళూ, ఆకలేసి వచ్చేవాణ్ణి. ఒక్కణ్ణీ తినలేక వచ్చేవాణ్ణి. ఈ పిల్ల తన కూడు నాకు పెట్టి ఇలా అయిపోయింది, మీకెవరికీ కళ్ళు లేవు' అన్నాడు. అంతే అన్నాడు. ఎవరి మొహమూ చూడకుండా దిగిపోయాడు. అక్క గోడకానుకుని, 'ఇంక రారు, ఇంక రారు' అని అదే మాట.

మర్నాడు ఇన్‌స్పెక్టరు పని మానేసి తనే వెళ్ళి ఐదు ముక్కలు కోయించుకొచ్చాడు. 'నేను వెళ్ళి అన్నయ్యని తీసుకొస్తా' అని ఆయనంటే అక్క వెళ్ళనివ్వలేదు. 'మీరు పిలిస్తే అసలు రారు, కూర్చోండి' అంది. పొద్దు వాలింది. వీధి దీపాలు వెలిగాయి. పిల్లలు కూడా తినకుండా కూర్చున్నారు. ఎవరో ఎక్కారు, పక్కింటి గుమాస్తా. మళ్ళీ ఎవరో ఎక్కారు, పాల బిల్లుకి వచ్చినవాడు. అక్క మూకుడు మీద మూత తీస్తుంది, పెడుతుంది, మళ్ళీ తీస్తుంది. చల్లారిపోతోందని మంట పెడుతుంది, మాడిపోతుందని తగ్గిస్తుంది. నాకేం సంబంధమని, నేనూ మా గుమ్మంలో నిలబడి మెట్లకేసే చూస్తున్నా. ఇంక రాడులే అని ఇన్‌స్పెక్టరు లేవబోయాడు.

అప్పుడొచ్చాడు. గుమ్మంలో ఆగలేదు. తిన్నగా లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని, చేతులు బల్లమీద పెట్టి, 'ఏం వండావమ్మా ఇవాళ?' అన్నాడు. ఆ మనిషి నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అందరూ అక్క వైపు చూస్తున్నారు. కొలత తప్పి ఎక్కువ వండాననే మాట ఈసారి ఎత్తలేదు, మూకుడు మీద మూత తీసింది.

'చేపండీ' అంది.

అంతే... ఏంటలా చూస్తావు. ఆ గ్లాసుతో కాసిని నీళ్ళు పట్రా.