ఎవరినీ పాస్ చెయ్యని పడవ మేస్త్రి గారికి

ఈ సభకి పెద్దగా కూర్చున్న మన సంఘం అధ్యక్షురాలు సుబ్బరావమ్మ గారికి, ఒంగోలు నుంచి ఎండన పడి వచ్చిన పెద్దలకి, ఈ పూటకి మిరపకోతలు మానుకుని వచ్చిన మా విద్యార్థులకి, మొదటి వరసలో కూర్చుని నేనేం వాగుతానోనని కంగారు పడుతున్న కరీమున్ వదిన గారికి నమస్కారాలు. ఇవాళ పని నుంచి విరమిస్తున్న వారి భర్త, మా ఇమాం హుస్సేన్ మేస్త్రి గారికి కూడా నమస్కారం. చేతులు సరిగ్గా జోడించానో లేదో ఆయనే చెప్పాలి. (నవ్వులు)

నేను అంకయ్యని. మన కొత్తపట్నం పడవల బడిలో కొయ్యతో పడవ కట్టడం ఆయన నేర్పుతారు, తెరచాప కట్టి దాన్ని గాలికి నడపడం నేను నేర్పుతాను. అందరూ ఫైబరు బోట్లకి మారిపోయాక, కొయ్య పడవ కట్టే మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కరే మిగిలారని సుబ్బరావమ్మ గారు పట్టుబట్టి ఈ బడి పెట్టించారు. ఆ ఒక్కరూ ఈయనే. ఆ సంగతి ఈయనకి బాగా తెలుసు, అదే మా ప్రాణం మీదికి వచ్చింది. (నవ్వులు)

నిజానికి ఆయనది సముద్రపు ఊరు కాదు. దాచేపల్లి దగ్గర ఎడ్లబండ్లు చేసుకునే కుటుంబం. వదిన గారిని చేసుకుని ఇక్కడికొచ్చి, మామగారి దగ్గర పడవ పని పట్టారు. ఇన్ని పడవలు కట్టిన మనిషికి ఈత రాదండీ. ఒకసారి బతిమాలి పడవెక్కిస్తే, తెరచాప కొయ్యని రెండు చేతులా కావలించుకుని 'అంకయ్యా, నిదానం, నిదానం' అని ఒకటే గోల. నేనింకా లంగరే ఎత్తలేదు. (నవ్వులు)

మొదటి బ్యాచ్‌లో చేరినవాళ్ళంతా మిరప, పత్తి చేల మీద నుంచి వచ్చినవాళ్ళే. 'పలకలు పచ్చిగా ఉన్నాయి, ఆరబెట్టండ్రా' అని చెప్పి మేస్త్రి గారు ఊరెళ్ళారు. మనవాళ్ళకి ఆరబెట్టడమంటే ఒక్కటే తెలుసు. కల్లంలో మిరపకాయలు పరిచినట్టు పలకలన్నీ మండుటెండలో పరిచేసి, మధ్యమధ్య శ్రద్ధగా తిరగేసి మరీ ఎండబెట్టారు. నీడన మెల్లగా ఆరాల్సిన కొయ్య. ఆయన తిరిగొచ్చేసరికి పలకలన్నీ నిలువునా బీటలిచ్చి ఉన్నాయి. ఆయన ఒక్క మాట తిట్టలేదు. ఆ పలకల పక్కన కూర్చుండిపోయారు, ఆ పూట అన్నం కూడా తినలేదు. అప్పటినుంచి ఏ పనీ ఎవరి చేతికీ పూర్తిగా వదిలిపెట్టలేదు.

మా విద్యార్థిని నస్రత్ పలకల సందుల్లో నూనె పత్తి కూరుతుంటే 'పరుపు కుడుతున్నావా అమ్మా' అన్నారు. పత్తి చేలో పెరిగిన పిల్ల, చుక్క నీళ్ళు రాకుండా కూరింది. అయినా సరే, 'ఇంకా చెయ్యి కుదరలేదు' అన్నారు. బ్యాచ్ వెనక బ్యాచ్ వెళ్ళిపోయింది గానీ, 'నీకు పని వచ్చింది, ఇక నువ్వు కట్టుకో' అన్న మాట ఆయన నోట ఒక్కళ్ళూ వినలేదు. ఏ కొత్త పడవకైనా అడుగు దూలం మీద మొదటి దెబ్బ కొయ్య చెక్కే తన బాడిసతో ఆయనే వెయ్యాలి. ఇంకొకరు ఆ దూలం దగ్గరికి పోవడానికి లేదు.

మేస్త్రి గారి తర్వాత నేర్పేవాళ్ళు లేకపోతే బడి మూసెయ్యక తప్పదని సుబ్బరావమ్మ గారు మొన్న చెప్పారు. పడవే లేకపోతే నేను తెరచాప కట్టడం ఎవరికి నేర్పను, డాబా మీద దుప్పట్లు ఆరేసేవాళ్ళకా? (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ, నాకు దిగులుగా ఉందండీ. ఈయన రేపటినుంచి రారంటే పొద్దున్నే లేచి నేను ఎవరితో పోట్లాడాలి? (విరామం)

మేస్త్రి గారూ, కిటికీ వైపు చూస్తున్నారు. మీకూ వినిపించిందన్నమాట. మన షెడ్డులోంచే ఆ చప్పుడు. కొత్త పడవ దూలం మీద నస్రత్ పని మొదలుపెట్టింది. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది మీ బాడిసే. పొద్దున మీ సంచీలోంచి వదిన గారే తీసి ఇచ్చారు. అడిగితే మీరు ఇవ్వరని ఎవరం అడగలేదు. ఆ పిల్ల మొదలుపెట్టేదాకా మిమ్మల్ని కుర్చీలోంచి లేవనివ్వద్దని నాకు అప్పజెప్పారు, అందుకే ఇంతసేపు మాట్లాడాను.

లేచారు. వెళ్తానంటే వెళ్ళండి, ఎవరం అడ్డం రాము. (విరామం)

ఏమన్నారు? వెనకవాళ్ళకి వినపడలేదు, నేను చెప్తాను. 'దెబ్బ కాస్త వాలుగా పడుతోంది' అంటున్నారు. ఒక్క నిమిషం వినండి. (విరామం) ఇప్పుడో? ఇప్పుడు సరిగ్గా పడుతోందా? తల ఊపారు. సుబ్బరావమ్మ గారూ, మీరూ చూశారు కదా.

కరీమున్ వదిన గారూ, ఆయనకి కప్పిన సన్మానం శాలువా జారిపోతోంది, కాస్త సర్దండి. ఆయన మళ్ళీ కూర్చుంటున్నారు.

ఇక నేను ఆపేస్తాను. వచ్చినవాళ్ళందరికీ, నా వాగుడు ఓపిగ్గా విన్నందుకు ధన్యవాదాలు. ఆ పిల్ల పని చప్పుడు ఆయన్ని కాసేపు విననిద్దాం. సెలవు.