తప్పు ముందు, దండుగ ఎనక

మూడోసారి అడుగుతున్నరు సారూ, ఓదెలు నీకేమైతడని. తోడవుట్టినోడు. నా ఎనక పుట్టినోడు. పోయినసారి ఎంక్వైరీకొచ్చిన సారుకు గూడ ఇదే చెప్పిన. రాసుకొని పోయిండు, ఆ కాయిదం ఏ బీరువల పడ్డదో. ఇప్పుడు మీరొచ్చిండ్రు. కూసోర్రి. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతది. ఇటు.

చాయ్ తాగుర్రి. లంచం కాదు, చాయే.

ఓదెలు పేరు మీది అర్జీ నేను రాయలే. మీద గదిల కిరాయికుండే పిల్ల రాసింది, భాగ్యశ్రీ. అశోక్‌నగర్ల సర్కారు కొలువు పరీక్షలకు చదువుతది. నాకొచ్చింది నా పేరొక్కటే. గదైతే ఎవ్వలు తప్పు వట్టలేరు. కింద చూడుర్రి సంతకం, గీత మీద గీత పడ్డదా? మీ ఆఫీసుల గుమాస్త నన్ను చూడంగనే వేలిముద్ర వెయ్యమన్నడు, ముసల్దాన్నని. ఇంకు డబ్బి మూత వెట్టి ఆయన దిక్కే నూకిన. నలభై అయిదేండ్లాయె నేను వేలిముద్ర వెయ్యక.

ఎందుకంటరా? చెప్త. ముందు నేనడిగేది చెప్పుర్రి.

కొత్త రాష్ట్రమొచ్చింది. పాణాలిచ్చినోళ్ళ పేర్లు రాసుకుంటున్నరు, ఇంటోళ్ళకు ఎంతో కొంత ఇస్తరంటున్నరు. మంచిదే. మరి తప్పయిందని ఎవలంటరు?

మా ఊర్ల కులపోళ్ళు పంచాయితీకి కూసుంటే ఏం చేస్తరో మీకెరికేనా? తప్పు చేసినోడు తలరుమాలు తీసి, నలుగురిల నిలవడి, తప్పయిందనాలె. దండుగ కట్టుడు ఆ తర్వాతి మాట. మా నాయిన కులపెద్ద. ఒకడు తప్పొప్పుకోకుండనే దండుగ తెచ్చి ముంగట వెడితే నాయిన కాలుతోని నూకిండు. "తప్పొప్పుకోనోని పైస బిచ్చంరా" అన్నడు. ఆయన బిడ్డెను నేను.

అప్పటి సర్కారు వేరు, ఇప్పటిది వేరంటరా? అప్పటోళ్ళు ఏసిన రోడ్డు మీదనే గద మీరు బండెక్కి వచ్చిండ్రు. రోడ్డు మీదైతే, తూట గూడ మీదే.

అరవై తొమ్మిది సారూ. వానికి పందొమ్మిదేండ్లు. నారాయణగూడల కాలేజికి పోవుకుంట ఈ చిక్కడపల్లిల మా తాననే ఉండె. ఆ దినం తెలంగాణ గావాలని జులూస్‌ల పోయిండు. చౌరస్త కాడ తుపాకులు పేలినయి. భుజంల తూట దిగినా ఇంటి దిక్కే ఉరికొచ్చిండు. మీరు వచ్చేటప్పుడు గల్లీ మొదట్ల నీలం తలుపు చూసిండ్రా? విద్యావతోళ్ళది. ఆ తలుపు కొట్టిండు. తియ్యలే. ఆ గడప మీదనే పడ్డడు, పోలీసోళ్ళు ఎత్తుకపోయిండ్రు. నెత్తురు చెయ్యి అచ్చు తలుపు మీద అట్లనే ఉండె. రెండుసార్లు రంగేసిండ్రు వాళ్ళు, అది పోవాలని.

నాటి నుంచి ఆ ఇంటితోని మాట లేదు. పోయిన నెల విద్యావతి మనుమరాలి పెండ్లి పత్రిక పట్టుకొని వచ్చింది. కర్రపట్టుకొని, పాపం, మెల్లగ. తలుపు కొట్టింది. లోపట్నే ఉన్న. తియ్యలే.

ఏందది, సంచిలకెళ్ళి తీస్తున్నరు? పాత కాయిదమా? తయారయే వచ్చిండ్రు. చదువుర్రి.

పేరు తెల్వని మగ పీనుగు. ఊ. ఇరవై లోపు వయసు. కుడి భుజంల తూట. ఎడమ చెవి కింద మచ్చ. ఊ... చిక్కడపల్లికెళ్ళి ఒక ఆడమనిషిని తెచ్చి చూపెడితే, మావోడు కాదన్నది. వేలిముద్ర.

ఓదెలు సచ్చిండని లోకంల ఉన్న రుజువు గదొక్కటేనా?

అయితే ఆ ఆడమనిషి ఎవలని అడుగుతున్నరు.

ఆగుర్రి సారూ. మీ చాయ్ సల్లారింది. ఇంకొకటి వెట్టనా? వద్దా.

దవాఖానల నలుగురు పోలీసోళ్ళుండిరి. మా ఆయన రామచంద్రం సర్కారు ఆఫీసుల అటెండరు. "నీ తమ్ముడే అంటే నీ మొగని కొలువు ఉండది, ఆలోచన చేసుకో" అన్నడు ఒకడు. అని పీనుగు మీది బట్ట తీసిండు. అంగి చూసిన. దానికి పొద్దుగాల గుండీ కుట్టింది నేనే. ఇంట్ల తెల్లదారం లేకుంటే నల్లదారంతోని కుట్టిన. కాలేజిల నవ్వుతరక్కా అని వాడే నవ్విండు.

మావోడు కాదన్న.

ఆ కాయిదంల ఏం రాసిండ్రో నాకు చదవరాదు. చదువురాందాన్ని, వేలు గుంజి వాళ్ళే అద్దిండ్రు అని మా ఆయనకు చెప్పిన. ఆయన నమ్మిండు, నమ్మే పోయిండు. మరుసటేడే నా పేరు రాసుడు నేర్చుకున్న. అందరు మెచ్చుకున్నరు.

మా అవ్వకు బొంబాయి పోయిండని చెప్పిన. పెత్రమాసకు సచ్చినోళ్ళ పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తం గద. నాయినకిచ్చిన, అవ్వకిచ్చిన, మా ఆయనకిస్తున్న. వానికి ఎట్లిస్త? బొంబాయిల ఉన్నోనికి బియ్యమిస్తరా ఎవలన్న? నలభై అయిదు పెత్రమాసలు ఉపాసమే ఉన్నడు.

విద్యావతోళ్ళు పాణభయంతోని తియ్యలే సారూ. తూటలు పేలుతుంటే ఎవలు తీస్తరు? నేను దేనికి భయపడ్డ? నెల జీతానికి.

సర్కారు తప్పొప్పుకుంటదో లేదో, నాకేం ఎరుక. వాళ్ళు ఒప్పుకున్నంక నేను చెప్దామనుకున్న. మొదలు వాళ్ళు, ఎనక నేను, అని ఇన్నేండ్లు కూసున్న. వాళ్ళు గూడ గట్లనే కూసున్నరేమో.

రాయుర్రి. ఆ ఆడమనిషి ఎల్లవ్వ అని రాయుర్రి. పైసలిస్తే ఇయ్యుర్రి, లేకుంటే లేదు. వాని పేరు మాత్రం సచ్చినోళ్ళల్ల ఎక్కాలె. పెత్రమాస ఇంక పదిదినాలే ఉన్నది.

నా సంతకం దేనికక్కరకొస్తది ఇప్పుడు? ఆ ముద్రతోని పోల్చి చూడాలె గద మీరు. ఇంకు డబ్బి తియ్యుర్రి.

ఇగో, ఇదే వేలు. మీరు వట్టుకోకుర్రి సారూ, నేనే పెడ్త. ఆ దినం గూడ ఎవ్వలు వట్టుకోలే.