టన్నుగారు టబ్బు కొన్న వైనం

"మొదటి షాపులో నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదయ్యా. చెప్పులు విప్పలేదు, అంతే," అన్నాడు టన్నుగారు, టీ గ్లాసు మోకాలి మీద ఆనించుకుని. "అద్దాల తలుపు దగ్గర పెద్ద పెద్దవాళ్ళంతా బూట్లు విప్పి చేత్తో పట్టుకుని లోపలికి పోతున్నారు. నేను ఈ సిమెంటు దుమ్ము చెప్పులతోనే నడిచి వెళ్ళి ఆ వేడినీళ్ళ టబ్బు అంచు మీద కూర్చున్నా. ఆ డీలరు నన్ను చూశాడు, నా చెప్పుల్ని చూశాడు, కుర్చీలోంచి లేచాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మెడ పట్టుకుని గెంటాడు," అన్నాడు లారీ డ్రైవరు.

"ఛీ, నోర్ముయ్. తన జేబురుమాలుతో నా అడుగుల జాడలు తుడుచుకుంటూ నా వెనకాలే తిరిగాడు."

టీ కొట్టులో నవ్వులు లేచాయి. ఆయన అసలు పేరు అక్కడ ఎవరికీ గుర్తులేదు. ఎదురుగా ఉన్న సిమెంటు గోడౌను గేటు దగ్గర, లారీలు తూచే కాటా మీద ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాడు. లోపలికి పోయే ఖాళీ లారీని ఒకసారి, నిండుగా బయటికొచ్చే లారీని ఇంకోసారి తూచి, తేడా చీటీ మీద రాసివ్వడం ఆయన పని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క కిలో అటూ ఇటూ పోనివ్వలేదని పేరు. రిటైరైన మర్నాటి నుంచి మాత్రం ఆయన నోట టన్నుకి తక్కువ మాట రాలేదు. ముప్పై ఏళ్ళు బిగబట్టింది ఒకసారి వదులైతే అంతేనేమో. ఖాళీ లారీకి బ్రేకులు వదిలేసినట్టు. అయినా లారీల సంగతి మొదలుపెడితే ఇప్పట్లో తెమలదు, ఆ చివరి బెంచీ మీద కూర్చున్న మనిషి సంగతి చెప్పాలి.

అతనికి ముప్పై ఏళ్ళుంటాయి. నీలం చొక్కా, భుజాన పానాల సంచి. ఊళ్ళో వేడినీళ్ళ టబ్బులు అమ్మే షాపులు నాలుగైతే, నాలుగోదాంట్లో ఫిట్టరు. అతను టీ కోసం రాలేదు, ఒక్క మాట చెప్పి పోదామని వచ్చాడు. "ఇవాళ అయిదింటికి ఆ ముసలాయన భార్యని తీసుకుని మళ్ళీ వస్తాడు. రావద్దని ముందే చెప్పిరా. గుమ్మం దాకా వచ్చాక ఆవిణ్ణి వెనక్కి పంపడం నా వల్ల కాదు," అని పొద్దున డీలరే పంపాడు. షాపు ఫారంలో టన్నుగారు రాసిన అడ్రసు పట్టుకుని వస్తే అది ఇల్లు కాదు, గోడౌను కాటా గది. అక్కడి కాపలావాడు నవ్వి, టీ కొట్టు వైపు వేలు చూపించాడు.

ఈ టబ్బులు కొనేవాళ్ళు ముందుగా ఒక అరగంట నీళ్ళలో దిగి చూసుకోవచ్చు. అన్ని షాపుల్లోనూ ఉన్న పద్ధతే అది, ట్రయల్ అంటారు. టన్నుగారూ భార్యా మొదటి మూడు షాపుల్లో రెండేసి మూడేసి సార్లు దిగి చూసి, ఒకచోట లోతు చాలలేదని, ఒకచోట మెట్టు ఎత్తుగా ఉందని వంక పెట్టి, నాలుగో షాపుకి చేరారు. ఇక్కడ ఆరు గురువారాలు గడిచాయి, ఇవాళ ఏడోది. ఆవిడకి కీళ్ళన్నీ బిగుసుకుపోయాయి. కుర్చీలోంచి టబ్బులోకి దించడానికి ఇద్దరు కావాలి. దించేటప్పుడు పళ్ళు బిగబట్టేది. నీళ్ళు మెడ దాకా వచ్చాక కళ్ళు మూసుకుని, కాసేపటికి ఒక్కో వేలూ విప్పి చూసుకునేది. ఆ ఇద్దరిలో ఒకడు ఈ ఫిట్టరే.

"అయ్యా, ఒక్క మాట," అంటూ అతను లేచాడు.

టన్నుగారు ఆ నీలం చొక్కా చూశాడు. చూసి, గొంతు పెంచాడు.

"కూర్చోవయ్యా, రెండో షాపు కథ వినకుండా మాటలేమిటి! రెండోవాడికి నా చెప్పుల సంగతి తెలిసి ఇంటికి కారు పంపాడు. మా సందులో కారు తిరగదా, సందు మొగలో గోడ కొట్టించి మరీ పంపాడు. వెళ్ళాను. 'నీ టబ్బులో నీటిధారలు ఎన్నయ్యా?' అన్నా. 'నలభై సార్' అన్నాడు. 'నలభై ధారలతో నేను పళ్ళు కూడా తోముకోను' అన్నా. మూడు రోజుల్లో నూట నలభై పెట్టించి మీట నొక్కాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ తాకిడికి వాడి తల మీద విగ్గు ఎగిరి ఫ్యానుకి తగులుకుంది. ఇప్పటికీ తిరుగుతోంది. ఫ్యాను ఆపినా తిరుగుతోంది."

"అయ్యా, నేను షాపు నుంచి..."

"షాపు అంటే గుర్తొచ్చింది, మూడో షాపు! మూడోవాడూ రెండోవాడూ నడిరోడ్డు మీద నన్ను చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. నా దగ్గర కొను అంటే నా దగ్గర కొను అని. ఇదిగో, ఈ కుడి చెయ్యి ఎడమదానికన్నా రెండంగుళాలు పొడుగు, చూడండి."

టైర్ల షాపాయన ముందుకి వంగి చూశాడు. "రెండూ సమానంగానే ఉన్నాయి కదా గురువుగారూ."

"తర్వాత ఎడమ చెయ్యి కూడా లాగించుకున్నానయ్యా. చొక్కాలు కుట్టించుకోవద్దూ?"

ఫిట్టరు కూర్చున్నాడు. షాపులో కూడా ఈయన వరస ఇంతే. ఆవిణ్ణి నీళ్ళలో దింపగానే డీలరు ఎదుట నిలబడి మొదలుపెట్టేవాడు. నిండా నీళ్ళు పోసి నలుగురు దిగితే రెండు టన్నులు దాటుతుంది కదా, మా నేల ఆగుతుందా? మోటారుది ఎన్ని గుర్రాల బలం? మూత మందం ఎంత? వేడి ఎన్ని గంటలు నిలుస్తుంది? బరువుల సంగతి అంత బాగా తెలిసినవాడు మరొకడు ఆ షాపుకి రాలేదు. డీలరు మురిసిపోయి ఒక్కోదానికీ సమాధానం చెప్పేవాడు. టన్నుగారు ఎప్పుడూ డీలరు వీపు గోడగడియారం వైపు ఉండేలా చూసుకుని నిలబడేవాడు. మాటల్లో అరగంట కాస్తా ముప్పావుగంట అయ్యేది, గంట అయ్యేది. ఫిట్టరు గడియారం చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు.

ఇప్పుడు కూడా ఆయన నోరు ఆగితే ఏం వినాలో ఆయనకి తెలుసు. అందుకే ఆపడంలేదు. ఆ సంగతి తెలిశాక ఫిట్టరు కూడా ఒక టీ చెప్పాడు.

"ఇక నాలుగోవాడు," అన్నాడు టన్నుగారు, ఊపిరి పీల్చుకోకుండా. "నా ఒక్కడి కోసం కొత్త టబ్బు పోత పోయించాడు. మన కాటా మీదకి ఎక్కిస్తే తొంభై టన్నులు! ముల్లు ఒక చుట్టు తిరిగి మళ్ళీ సున్నా దగ్గరికొచ్చి సిగ్గుపడి ఆగిపోయింది. దాన్ని నింపడానికి తొమ్మిది రోజులు పట్టింది. సగం ఊరి కుళాయిలు ఎండిపోయాయి."

"ఆ తొమ్మిది రోజులూ నేనిక్కడే ఉన్నాను బాబాయ్. రోజూ స్నానం చేశాను," అన్నాడు డ్రైవరు.

"నీ స్నానం నాకు తెలీదా? చెంబులో సగం మిగులుస్తావు. విను! మీట నొక్కాం. ఆవిరి లేచింది. లేచి మేఘం కట్టింది. పోయి పోయి పక్క ఊరి మీద వేడివాన కురిసింది. అక్కడి జనం టీపొడీ పంచదారా వేసిన గిన్నెలు పట్టుకుని వీధుల్లో నిలబడ్డారు!"

"నా కొట్టు మూయించేలా ఉన్నావే అన్నయ్యా!" అంది టీ కొట్టావిడ, పాలగిన్నె దించుతూ. డ్రైవరు బెంచీ మీద చరిచి మరీ నవ్వాడు. నవ్వులు కాస్త తగ్గాక ఆవిడే అడిగింది. "ఇంతకీ వదిన దిగిందా అందులో? ఆవిణ్ణి చూసి ఏడాది దాటింది."

"దిగింది," అన్నాడు టన్నుగారు. గొంతు కొంచెం తగ్గింది. "దిగి, తనే లేచి, తనే తుడుచుకుని, గట్టు మీద కూర్చుని తన జడ తనే వేసుకుంది."

ఎవరూ నవ్వలేదు. డ్రైవరు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఇదేం కోత బాబాయ్? మేఘం తర్వాత జడా? మా ఆవిడ రోజూ వేసుకుంటుంది."

ఫిట్టరు గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. ఆరు గురువారాలూ ఆవిడ జుట్టు తడవకుండా పైకి చుట్టి పిన్నులు పెట్టింది టన్నుగారే. పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని, వాటి సందుల్లోంచే డీలరుతో మోటారు గురించి మాట్లాడేవాడు.

"ఆగరా, అప్పుడే అయిపోలేదు!" టన్నుగారు మళ్ళీ అందుకున్నాడు. "జడ వేసుకుని దుప్పటి ఒక్కత్తే పిండింది. పిండితే అందులోంచి పోయినేడు ఉతికిన నీళ్ళు కూడా కారాయి. డబ్బా మూత తియ్యబోతే డబ్బా రెండు ముక్కలైంది. బజారుకి బయల్దేరి బస్సు వెనక పరుగెత్తింది. రెండు స్టాపులు దాటాక ఏమైందో తెలుసా? బస్సే ఆవిడ వెనక పరుగెత్తింది! కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, 'అమ్మా, కాస్త ఆగండి, జనమంతా దిగి మీ వెనకే వస్తామంటున్నారు' అని ఒకటే బతిమాలడం. ఆ టబ్బు ఇవాళ అయిదింటికి మా ఇంటికొస్తోంది. అందరూ రండి. నువ్వూ రా అమ్మా, కొట్టు కట్టేసి రా."

"వస్తాం గానీ గురువుగారూ," టైర్ల షాపాయన ఫిట్టరు వైపు తిరిగాడు. "ఈ తమ్ముడి చొక్కా మీద టబ్బు బొమ్మ ఉందే! తెచ్చేది మీరేనా?"

అందరూ అటు చూశారు. టన్నుగారు కూడా చూశాడు.

"కాదండీ," అన్నాడు ఫిట్టరు. మెల్లిగా, పక్కకి పిలిచి చెబుదామనుకున్న మాట, ఇంతసేపు పట్టి ఉంచడంతో గట్టిగా బయటికొచ్చింది. "టబ్బేమీ రాదు. అయ్యగారు ఏ షాపులోనూ ఏమీ కొనలేదు. అమ్మగారిని ఇక ట్రయల్‌కి తీసుకురావద్దని మా డీలరు చెప్పమన్నారు. నలుగురు డీలర్లూ మాట్లాడుకున్నారు. ఇంకెక్కడా దింపరు."

డ్రైవరు పకపకా నవ్వాడు. "అంటే బాబాయ్, ఊరికే నీళ్ళలో..." టీ కొట్టావిడ అతని వైపు చూసిన చూపుకి మిగతా మాట మింగేశాడు.

"ఆగవయ్యా, అసలు కథ..." అన్నాడు టన్నుగారు. గ్లాసు బెంచీ మీద పెట్టాడు. పెట్టిన గ్లాసుని ఇంకొంచెం లోపలికి జరిపాడు.

"మందులు పని చెయ్యడం మానేశాయి," అన్నాడు చివరికి. "ఆ గంట బాగుంటుంది. ఆ గంటతో రెండు రోజులు నిద్రపోతుంది. ఇంట్లో బకెట్లు పోసి చూశాను, మెడ దాకా రావు కదా." ఎవరినీ చూడకుండా చెబుతున్నాడు. "కొంటున్నామనే అనుకుంటోంది. రంగు దగ్గర బేరం ఆగిందని చెప్పాను. తనకి లేత ఆకుపచ్చ కావాలిట. పొద్దున్నుంచి తువ్వాలు సంచిలో పెట్టావా అని నాలుగుసార్లు అడిగింది. ఇప్పుడు వెళ్ళి ఏమని చెప్పను?"

టీ కొట్టావిడ స్టవ్వు తగ్గించింది.

"మోటారు కాలిపోయిందని చెప్పు బాబాయ్," అన్నాడు డ్రైవరు. అతని గొంతులో ఎకసెక్కం లేదు.

"బాగయ్యేదాకా ఆగుదాం అంటుంది. వారం వారం అడుగుతుంది."

"రేటు బాగా పెంచేశారని చెప్పండి," అన్నాడు టైర్ల షాపాయన.

"అలా అంటే తన గాజులు అమ్మమంటుంది. అవి అమ్మేసి ఏడాదైంది, అది కూడా తనకి తెలీదు."

టీ కొట్టావిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. "షాపు తగలబడిపోయిందని చెప్పన్నయ్యా."

టన్నుగారు తలెత్తాడు. కాటా ముల్లు నిలిచేదాకా చూసేవాడిలా ఆవిణ్ణే చూశాడు. "ఎంతవరకు?"

"మొత్తం," అన్నాడు ఫిట్టరు. అన్నాక తన మాటకి తనే ఉలిక్కిపడ్డాడు. తను పనిచేసే షాపు అది. పొద్దున తాళం తీసి, తుడిచి వచ్చాడు. "నేనూ వస్తానయ్యా. నేను చెబితే నమ్ముతారు అమ్మగారు."

ఇద్దరూ లేచారు. కొట్టు దాటి సందులోకి తిరిగారు. టన్నుగారు గోడ పట్టుకుని నెమ్మదిగా నడుస్తున్నాడు. ఈసారి మాటలు కూడగట్టుకోవాల్సిన పని ఫిట్టరుకి పడింది. అతనికి అలవాటులేని పని.

"వైర్లు అంటుకున్నాయని చెబుతాను," అన్నాడు. "నాలుగు ఫైరింజన్లు వచ్చాయనీ, మంటలు ఆకాశానికి, అంటే మూడంతస్తుల ఎత్తు లేచాయనీ, టబ్బులన్నీ మైనంలా కరిగి రోడ్డు మీదికి..."

"ఒక ఫైరింజను చాలు బాబూ," అన్నాడు టన్నుగారు, తలుపు గడియ మీద చెయ్యి వేస్తూ. "మంటలు కిటికీ ఎత్తు అను. ఆవిడ నమ్మాలి."